మా ఇంట్లో హింస లేదు, అమ్మ ఎదురు చెప్పదు

(జిల్లా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచీ చట్టాల గురించి విన్నారు. భోజనాలయ్యాక కునుకు పట్టే వేళ నాకిచ్చారు కాబట్టి నేను సెక్షన్లు తక్కువ, కబుర్లు ఎక్కువ చెబుతాను. నా అంశం, గృహహింస ఎంత ఉంది, ఎందుకు ఉంది అన్నదాని మీద విద్యార్థులకున్న అభిప్రాయాలు. మనలో చాలామందిమి బాధిత స్త్రీలతో పనిచేస్తున్నాం. దెబ్బలు తిన్నాక, పెద్దమనుషుల పంచాయితీలు అయిపోయాక, పుట్టింటివాళ్ళు కూడా తలుపేశాక వాళ్ళు మన ఆఫీసు మెట్లెక్కుతారు. కాలేజీకి వెళ్తే ఇంకా ఏమీ జరగనివాళ్ళు ఎదురుగా కూర్చుంటారనీ, వాళ్ళకు ముందుగానే నాలుగు మంచి మాటలు చెప్పొచ్చనీ అనుకుని నేను మొదట వెళ్ళాను. ఆ అనుకోవడమే తప్పని రెండో తరగతిలోనే తెలిసింది.

మేం చేసేది సర్వే కాదు. కాలేజీల నుంచి నేను తెచ్చింది శాతాలు కావు, చీటీలు. శాతాలు చెప్పినప్పుడు అవి ఎక్కడివో కూడా చెబుతాను. పేరు రాయనక్కరలేని చిన్న చీటీలు పంచుతాం. మొదటి ప్రశ్న ఇది: "మీకు బాగా తెలిసిన పది ఇళ్ళు తలుచుకోండి. ఎన్నింటిలో గృహహింస ఉంది?" అవి పోగుచేసుకుని మళ్ళీ చీటీలు ఇస్తాం. ఈసారి గృహహింస అన్న మాట ఉండదు. "అవే పది ఇళ్ళు. భర్త భార్యను చెంపదెబ్బ కొట్టడం, జుట్టు పట్టి లాగడం, తోసెయ్యడం, చేతిలో ఉన్నది విసిరికొట్టడం, బయటికి పంపి తలుపేసుకోవడం మీరు కళ్ళారా చూసినవి, గోడవతల నుంచి విన్నవి ఎన్ని?"

మొదటి చీటీల్లో ఎక్కువగా సున్న, ఒకటి, రెండు ఉంటాయి. రెండో చీటీల్లో మూడు, నాలుగు, ఆరు. ఒకమ్మాయి అంకె వెయ్యకుండా "పదో ఇల్లు మాదే. కలపొచ్చా?" అని రాసింది.

పది నిమిషాల తేడాలో అవే ఇళ్ళల్లో హింస ఎలా పెరిగింది? పిల్లలు అబద్ధం రాయలేదు. వాళ్ళ దృష్టిలో గృహహింస అంటే పేపర్లో వచ్చేది. కిరోసిన్, ఉరి, కేసు, ఫొటో. ఇంట్లో జరిగేదానికి వేరే పేర్లున్నాయి. గొడవ, మాటామాటా పెరగడం, నాన్నకు కోపం రావడం. అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసే మాట "చెయ్యి చేసుకున్నాడు" అన్నది. మన భాషలో ఈ మాట ఎంత తెలివైనదో చూడండి. చెయ్యి ఉంది, చేసుకున్నవాడున్నాడు. దెబ్బ లేదు, తగిలిన మనిషి లేదు. ఆ మాటతో పెరిగిన పిల్లవాడు "మా ఇంట్లో హింస లేదు" అని రాస్తే వాణ్ణి ఏమంటాం?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్ళు కూడా ఇలాగే అడుగుతారు. "మీమీద హింస జరిగిందా" అని కాదు, చెంపదెబ్బ కొట్టాడా, చెయ్యి మెలిపెట్టాడా, తన్నాడా, గొంతు నులిమాడా అని ఒక్కొక్కటీ విడిగా, ఇంట్లో వేరెవరూ వినకుండా, ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే అడుగుతారు. 2019-21లో జరిగిన అయిదో సర్వేలో పెళ్ళయిన స్త్రీలలో, 18 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో, భర్త వల్ల శారీరక హింసో లైంగిక హింసో అనుభవించామన్నవాళ్ళు దేశం మొత్తం మీద 29 శాతం. తెలంగాణలో సుమారు 37, ఆంధ్రప్రదేశ్‌లో 30. అంటే పదిలో మూడు నుంచి నాలుగు. పిల్లల మొదటి చీటీ కాదు, రెండో చీటీయే నిజానికి దగ్గర. వాళ్ళకు తెలుసు. తెలిసినదానికి ఆ పేరుందని తెలియదు.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. దెబ్బలు తిన్నవాళ్ళలో 77 శాతం మంది సాయం కోరలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సాయం కోరినవాళ్ళు 14 శాతమే. వాళ్ళలోనూ ఎక్కువమంది వెళ్ళింది పుట్టింటికే, పోలీసుల దాకా వెళ్ళినవాళ్ళు మరీ కొద్దిమంది. సంసారం గుట్టు, రోగం రట్టు అంటారు కదా, మొదటి సగాన్ని మనవాళ్ళు బాగానే పాటిస్తున్నారు.

మూడో చీటీ కారణాల మీద. "ఎందుకు జరుగుతుంది?" అని ఒక్క మాటే అడుగుతాం. తాగుడు అన్నది అన్ని కాలేజీల్లోనూ, అమ్మాయిలు రాసినా అబ్బాయిలు రాసినా ముందుంటుంది. తర్వాత అనుమానం, కట్నం, డబ్బు ఇబ్బందులు, అత్తగారు, చదువు లేకపోవడం. ఈమధ్య సెల్‌ఫోన్ చేరింది. "అడ్జస్ట్ అవలేకపోవడం" అని రాసేవాళ్ళూ బాగా ఉంటారు, ఎవరు అడ్జస్ట్ కావాలో రాయరు.

చదువు లేకపోవడం అన్న జవాబు వెనక ఒక ధీమా ఉంది. ఇది బస్తీల్లోనో, కూలికి పోయేవాళ్ళ ఇళ్ళల్లోనో జరిగేదనీ, మేం చదువుకుంటున్నాం గనక మాకు రాదనీ. వాళ్ళ ధీమాలో కొంత నిజం లేకపోలేదు. అదే సర్వేలో చదువు లేని స్త్రీలలో 40 శాతం మంది శారీరక హింసకు గురైతే, పన్నెండో తరగతి పూర్తిచేసినవాళ్ళలో 18 శాతం. చదువు సగానికి పైగా తగ్గించింది. కానీ మిగిలిన ఆ 18 మంది చదువుకున్నవాళ్ళే. పైగా వాళ్ళకు నోరు విప్పడం ఇంకా కష్టం. ఎవరైనా "నీకు తెలియదా?" అంటారు.

తాగుడు దగ్గర కొంచెం ఆగుతాను. ఇందులో మన వాటా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్నవాళ్ళు లేచి సారా దుకాణాలు మూయించారు. ఊరూరా పాకిన ఆ ఉద్యమం 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని చాలావరకు ఎత్తేసింది. ఆ ఉద్యమం గొప్పదన్న విషయంలో నాకు సందేహం లేదు. కూలి డబ్బులు ఇంటికి చేరాయి, ఆడవాళ్ళు కలెక్టర్ ఎదుట నిలబడి మాట్లాడారు. కానీ ఆ తర్వాత మనం గీయించిన పోస్టర్లు గుర్తు తెచ్చుకోండి. ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో కర్ర ఉన్న లుంగీ మనిషి. మూల ముడుచుకు కూర్చున్న చిరుగుల చీర మనిషి. ప్యాంటూ షర్టూ వేసుకుని, తాగకుండా, సాయంత్రం పిల్లలకు లెక్కలు చెప్పి, రాత్రి భార్యను కొట్టే మనిషిని మనం ఎప్పుడైనా గీయించామా? విద్యార్థులు రాస్తున్నది మన పోస్టరే. మనం నేర్పిన పాఠాన్నే తిరిగి మనకు అప్పజెబుతున్నారు.

సర్వే ఏమంటోంది? తరచుగా తాగే భర్తలున్న స్త్రీలలో 70 శాతం మంది హింసకు గురయ్యారు. కాబట్టి తాగుడుకు సంబంధం లేదని ఎవరూ అనలేరు. మరి అసలు తాగని భర్తలున్న స్త్రీలలో? 23 శాతం. దాదాపు నలుగురిలో ఒకరు. వాళ్ళ దెబ్బలకు ఏ సీసా కారణం? నేను తరగతిలో ఇంకొకటి అడుగుతాను. "తాగొచ్చినవాడు బజార్లో ఎస్సైని కొడతాడా? డబ్బిచ్చే మేస్త్రీని కొడతాడా? దారిలో ఇంతమంది తగిలితే ఎవరినీ ఏమీ అనకుండా ఇంటిదాకా వచ్చి, తలుపేసి కొడుతున్నాడంటే మత్తులో కూడా వాడికి లెక్క తప్పలేదన్నమాట." అమ్మాయిలు నవ్వుతారు. అబ్బాయిల్లో కొందరు నవ్వుతారు, కొందరు బెంచీ మీద గీతలు గీస్తారు.

ఇప్పుడు నేను ఈ ప్రసంగానికి పేరు పెట్టుకున్న చీటీ. ఒక డిగ్రీ కాలేజీలో రెండో సంవత్సరం అబ్బాయి రాశాడు, మంచి దస్తూరీ. "మా ఇంట్లో హింస లేదు. అమ్మ ఎదురు చెప్పదు." అంతే. మొదట చదివినప్పుడు పక్కన పెట్టేశాను. ఇంటికొచ్చి చీటీలు సర్దుతుంటే మళ్ళీ చేతికొచ్చింది. ఆ పిల్లవాడు వాళ్ళ ఇంటి గురించి మంచి మాటే చెప్పాననుకున్నాడు. కానీ ఆ రెండు వాక్యాల మధ్య ఉన్నదేమిటి? ఆమె ఎదురు చెబితే? ఏం జరుగుతుందో ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టే ఆమె చెప్పదు. దెబ్బ పడకుండానే దాని పని అది చేస్తోంది. ఎన్నో ఏళ్ళ క్రితం ఒక్కసారి పడి ఉండొచ్చు. వాళ్ళ అమ్మకు పడి ఉండొచ్చు. అది ఏ సర్వే లెక్కలోకీ రాదు. కొట్టిన ఇళ్ళే లెక్కపెడుతున్నాం, కొట్టాల్సిన అవసరం లేకుండా పోయిన ఇళ్ళను ఎవరు లెక్కపెడతారు?

ఈ చీటీనీ సర్వే ప్రశ్ననూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ సర్వేలోనే 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళనూ, మగవాళ్ళనూ ఏడు సందర్భాలు చెప్పి, ఆ సందర్భంలో భర్త కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్తే, ఇంటినీ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు వాదిస్తే, పడక నిరాకరిస్తే, వంట సరిగ్గా చెయ్యకపోతే, ఆమె శీలం మీద అతనికి అనుమానమొస్తే, అత్తమామల్ని గౌరవించకపోతే. ఏదో ఒక కారణానికైనా సబబేనన్న స్త్రీలు దేశం మొత్తం మీద 45 శాతం. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం. హిమాచల్ ప్రదేశ్‌లో 15 శాతం లోపు. మన రెండు రాష్ట్రాల్లో దెబ్బలు తిన్నామన్నవాళ్ళ కన్నా, తినడం సబబన్నవాళ్ళు రెట్టింపుకు మించి ఉన్నారు.

ఈ అంకె చెప్పినప్పుడు ఒక లెక్చరర్ మేడమ్ కోప్పడింది. మన ఆడవాళ్ళను ఇంత తెలివితక్కువవాళ్ళుగా చూపిస్తారా అంది. నాకు అది తెలివితక్కువతనం అనిపించదు. ఎవరో కొత్త మనిషి ఇంటికొచ్చి, కాగితం పట్టుకుని, అత్తను గౌరవించకపోతే ఏమవుతుంది అని అడిగితే, ఆమె తన మనసు చెప్పిందో, ఊరి రివాజు చెప్పిందో మనకు తెలియదు. రెండిట్లో ఏదైనా సరే, మనకు పని ఉంది.

అమ్మాయిల తరగతిలో ఆ ఏడూ చదివి చేతులెత్తమంటాను. వంట దగ్గర నవ్వు. ఎవరూ ఎత్తరు. చెప్పకుండా బయటికి వెళ్ళడం దగ్గర ఒకటీ అరా. అత్తమామల దగ్గరకొచ్చేసరికి పక్కవాళ్ళను చూసుకుంటూ చేతులు లేస్తాయి. సర్వేలో కూడా దేశమంతటా ఎక్కువమంది ఒప్పుకున్న కారణం అదే, 32 శాతం. వంట చేతకాకపోతే కొట్టకూడదని వాళ్ళు నేర్చుకున్నారు. ఎవరు నేర్పారో గానీ మంచి పని చేశారు. కానీ నేర్చుకున్నది "ఈ తప్పుకు ఈ శిక్ష ఎక్కువ" అన్నంతవరకే. శిక్ష వేసే అధికారం అతనికి ఎవరిచ్చారన్న ప్రశ్న ఇంకా రాలేదు. కారణాల చీటీలో వాళ్ళు రాసినవన్నీ నిజానికి కారణాలు కావు, సందర్భాలు. కూర మాడడం సందర్భం, కట్నం తక్కువవడం సందర్భం, తాగుడు సందర్భం. భార్యను సరిదిద్దే హక్కు భర్తకుందన్న నమ్మకం లేకపోతే ఆ సందర్భాలన్నీ వస్తాయి, పోతాయి. కూర మాడితే పచ్చడేసుకుని తినేవాళ్ళు మనలో లేరా?

అబ్బాయిలు చట్టం గురించి ఏమనుకుంటారో త్వరగా చెప్పేస్తాను. వాళ్ళకు తెలిసిన చట్టం ఒక్కటే, 498ఎ. అదీ "దుర్వినియోగం" అన్న మాటతో కలిపే తెలుసు. 1983లో వచ్చిన ఆ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారిందని తెలియదు. అది కట్నం వేధింపులకు మాత్రమే కాదని తెలియదు. కేసు పెడితే ఇంటిల్లిపాదినీ ఆ రాత్రే లోపలేస్తారని నమ్ముతారు. ఏడేళ్ళ వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చెయ్యొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సెక్షన్ దానికిందకే వస్తుంది. వాళ్ళతో వాదనకు దిగొద్దు, తేదీలు చెప్పండి చాలు. దొంగ కేసులు అసలే ఉండవా అని అడుగుతారు. ఏ చట్టం కిందైనా ఉంటాయని ఒప్పుకోండి. ఒప్పుకుని, ఎవరికీ చెప్పని ఆ 77 శాతం మాట ఎత్తండి.

అమ్మాయిలకు మాత్రం 2005 గృహహింస చట్టం గురించి విడిగా చెప్పాలి. 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం భార్యలకే అని వాళ్ళే కాదు, మనలో కొందరు కూడా అనుకుంటున్నారు. ఒకే ఇంట్లో ఉండే కూతురు, తల్లి, చెల్లెలు, అందరూ దీనికిందకు వస్తారు. రక్షణాధికారి నింపే గృహ సంఘటన నివేదిక నమూనా ఎప్పుడైనా పూర్తిగా చదివారా? మానసిక హింస కింద అందులో ఉన్నవి చూడండి. స్కూలుకో కాలేజీకో వెళ్ళనివ్వకపోవడం, ఉద్యోగం చెయ్యనివ్వకపోవడం, ఇష్టం లేని పెళ్ళికి బలవంతపెట్టడం, ఇష్టపడినవాణ్ణి చేసుకోనివ్వకపోవడం. ఇవి చదివి వినిపిస్తే తరగతి గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. అప్పటిదాకా గృహహింస అంటే పెళ్ళయ్యాక వచ్చేదనుకున్న పిల్లలు, అది తమ ఇంట్లోనే, తమకే ఉందేమో అని లెక్క చూసుకోవడం మొదలుపెడతారు.

ఇక్కడే నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటి రోజుల్లో ఇదంతా చదివి వినిపించి, బోర్డు మీద 181 అని పెద్దగా రాసి, ఏ అవసరమొచ్చినా ఫోన్ చెయ్యండని చెప్పి బస్సు టైమైందని వచ్చేసేదాన్ని. ఒకరోజు ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల గేటు దాకా వెంట వచ్చింది. "మేడమ్, మా నాన్న మంచోడే. అమ్మనొక్కదాన్నే కొడతాడు" అంది. మళ్ళీ తనే, "అమ్మది తప్పుంటుందా మేడమ్?" అంది. తప్పుండదమ్మా అన్నాను. "నేను ఫోన్ చేస్తే నా చదువు మానిపిస్తారా?" అంది. అలా మానిపించడం కూడా నేరమే అన్నట్టు ఏదో చెప్పాను, చట్టం నాకు బాగా తెలుసు కదా. బస్సొచ్చింది. ఆ పిల్లకు ఫోన్ లేదనీ, ఇంట్లో ఉన్నది నాన్న జేబులో ఉంటుందనీ నాకు తట్టలేదు. ఆ కాలేజీలో ఎవరితో మాట్లాడాలో కూడా చెప్పలేదు. నాకే తెలియదు మరి. మళ్ళీ వెళ్ళేసరికి ఆ పిల్ల కాలేజీ మానేసింది. ఎందుకు మానేసిందో స్నేహితురాళ్ళకూ సరిగ్గా తెలియదు, పెళ్ళి కుదిరిందని ఒకరు, ఊరు మారారని ఒకరు. నా మాట విని ఇంట్లో ఏమైనా అందో, అననేలేదో ఈరోజుకీ నాకు తెలియదు.

అప్పట్నుంచి కొన్ని మార్చుకున్నాం. మనం వెళ్ళిపోయాక అక్కడే ఉండే ఒక లెక్చరరో, హాస్టల్ వార్డెనో, ఆయానో, పిల్లలకు నమ్మకమున్న ఒక మనిషిని ముందే వెతుక్కుని, ఆమెతో విడిగా ఒక పూట కూర్చోకుండా తరగతి తీసుకోం. వారం లోపు మళ్ళీ వెళ్ళే వీలుంటేనే మొదటిసారి వెళ్తాం. సఖి కేంద్రంలో ఎవరుంటారో, రక్షణాధికారి ఆఫీసు ఏ రోజు తెరిచి ఉంటుందో మనమే స్వయంగా వెళ్ళి చూసొచ్చాకే పిల్లలకు చెబుతాం. చట్టం ప్రకారం మేజిస్ట్రేట్ మూడు రోజుల్లో మొదటి విచారణ పెట్టి, అరవై రోజుల్లో ముగించడానికి ప్రయత్నించాలి. కోర్టుల్లో ఏం జరుగుతోందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ సంగతి కూడా పిల్లలకు దాచకుండా చెప్పండి. లేనిపోని భరోసా ఇవ్వొద్దు.

"మా నాన్న మంచోడే" అన్న మాటకు ఏం జవాబివ్వాలని మొన్న ఒక చెల్లెలు అడిగింది. కాదని అనొద్దు. ఆ పిల్ల ఫీజు కట్టిందీ, జ్వరమొస్తే ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తిందీ ఆయనే అయ్యుండొచ్చు. ఆయన రాక్షసుడంటే ఆ పిల్ల మన మాట వినడం మానేస్తుంది, ఎందుకంటే ఆమెకు తెలిసిన మనిషి రాక్షసుడు కాడు. మంచివాడైనా కొట్టే హక్కు లేదు అన్నంతవరకే చెప్పండి. ఆ అబ్బాయికి కూడా అంతే. వాడి చీటీ నేను తరగతిలో చదవలేదు. తర్వాతిసారి వెళ్ళినప్పుడు వాళ్ళందరికీ ఒక పని ఇచ్చాను. ఇంటికెళ్ళి అమ్మను, "నువ్వు ఎదురు చెప్పాలనుకుని చెప్పకుండా ఊరుకున్నది ఏదైనా ఉందా?" అని నాన్న లేనప్పుడు అడిగి రమ్మన్నాను. ఏం చెప్పిందో నాకు చెప్పొద్దు, అడిగారో లేదో మాత్రం చెప్పమన్నాను. చాలామంది అడగలేదట, సిగ్గేసిందట. అడిగినవాళ్ళలో ఒకడు "అమ్మ చాలాసేపు మాట్లాడింది మేడమ్" అన్నాడు. ఆ చీటీ రాసినవాడు వాడేనేమో నాకు తెలియదు.

కాలేజీల జాబితా బల్ల మీద ఉంది, ఎవరు ఎక్కడికి వెళ్తారో టీ తర్వాత రాసుకుందాం. ఒక్కరే వెళ్ళొద్దు, ఇద్దరు వెళ్ళండి. ఒకరు ముందు నిలబడి మాట్లాడాలి. రెండో ఆమె వెనక బెంచీల దగ్గర కూర్చోవాలి. గేటు దాకా వెంట వచ్చే పిల్లలు ఎక్కువగా అక్కడే కూర్చుంటారు.